ఇంటి పనిముట్లు: లేచెడి కప్పునకు గ్యాస్ స్ప్రింగులు

కోనసీమలో దిండి గ్రామమున మా అన్నగారి యిల్లు వసిష్ఠ గోదావరి గట్టునకు దాపున నున్నది. వారి వాకిట నిలిచి చూచినచో ఒకవైపు చించినాడ వంతెనయు, వేఱొకవైపు యాత్రికుల కొఱకు కట్టిన పడవయిండ్లును కానవచ్చును. పడవలో వంటయు, పడకయు, స్నానమును జరుగుట ఆ యూరివారికి వింతగాదు. కావున మా అన్నగారు రెండేండ్ల క్రిందట ఒక పాత వ్యానును కొని చక్రములపై యిల్లు చేయించినపుడు ఇరుగుపొరుగువారు నవ్వలేదు. “పడవ గట్టెక్కినది” అనిమాత్రము అనిరి.

అట్టి బండ్లు లోకమున క్రొత్తవి కావు. జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యానులను 1951 నుండియే వెస్ట్‌ఫాలియావారు కాపురపు బండ్లుగా దిద్దుచుండిరి. మన దేశమున కేరళ ప్రభుత్వము 2021 లో ఇట్టి బండ్ల యాత్రలకై ప్రత్యేకముగా నొక విధానమును ప్రకటించినది. మనవైపున నిట్టి బండి చేయించుకొనదలచువారు ఒక్క మాట మఱువరాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మాఱునట్లు బండిని మార్పుచేయుటపై 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను కట్టడి పెట్టినది; కావున ముందుగా అధికారుల అనుమతి లేనిదే అట్టి పనికి పూనుకొనరాదు. మా అన్నగారు ఆ పని ముగించిన పిమ్మటనే కప్పును కోయించిరి.

ఆ కప్పు గుఱించియే మా యీ వ్యాసము. వ్యానులో మనిషి నిలువుగా నిలుచుటకు ఎత్తు చాలదు. అందువలన పైకప్పును పెట్టెమూతవలె చేసి, ముందరివైపున మడతబందులు బిగించిరి. వెనుకవైపు ఎత్తినచో కప్పు ఏటవాలుగా లేచును. ప్రక్కలను కాన్వాసుగుడ్డ తెఱవలె విచ్చుకొనును. పైన పిల్లలకు పలకమంచ మొకటి. అంతయు ముచ్చటగా నున్నది గాని, ఆ మూతను లేపుట ఇద్దఱు మగవారి పని. మా వదినెగారు పొట్టి. ఒక సాయంకాలము అంతర్వేదివైపు బండి నిలిపి అన్నగారు ఊరిలోనికి పోయిన సమయమున పెద్దవాన పట్టుకొన్నది. ఇద్దఱు పిల్లలతో ఆమె ఆ క్రుంగిన కప్పు క్రింద మెడవంచుకొని గంటసేపు కూర్చుండెనట. “చూడమ్మా, నా యింటి కప్పు నేను లేపుకోలేకపోతే అది నా యిల్లెలా అవుతుంది?” అని ఆమె మాతో ననిన మాట మాకు న్యాయముగా తోచినది.

క్రిందటి యేడు ఆషాఢమున మేము పోవునప్పటికి దానికి గ్యాస్ స్ప్రింగులు పెట్టింపవలెనని నిశ్చయించియుండిరి. వీనిని మన సోదరీమణు లందఱును చూచియే యుందురు. కారు వెనుకతలుపు నెత్తగానే దానిని పట్టి నిలుపు నల్లని గొట్టములే యివి. అడుగున పెట్టెయున్న మంచముల పలకను లేపునవియు నివియే. అంగళ్లలో ‘హైడ్రాలిక్’ అని యొకరును, ‘షాకరు’ అని యొకరును అందురు. హైడ్రాలిక్ అనుట సరిగాదు. అందు నూనె కొద్దిపాటిదే, పనిచేయునది వాయువు. జర్మనీలోని స్టబిలస్ కర్మాగారమువారు 1962 లో వీనిని పెద్దమొత్తమున చేయ నారంభించిరి.

దాని లోపలి సంగతి తెలిసికొనుట మంచిది, ఏలయన దానియందలి అపాయమును అక్కడనే యున్నది. మూసిన ఉక్కుగొట్టములో నత్రజని వాయువును మిక్కిలి యొత్తిడితో నింపుదురు. లోపల నొక బిరడా, దానికి తగిలించిన నునుపైన ఉక్కుకడ్డీ. బిరడాకు సన్నని రంధ్ర ముండుటచే వాయువు రెండువైపుల సమముగా నొత్తును. కాని ఒకవైపున కడ్డీ కొంత చోటు నాక్రమించుకొని యుండును. ఆ మేరకు ఆ వైపున ఒత్తిడికి తావు తక్కువ. ఆ కాస్త భేదమే కడ్డీని ఎల్లప్పుడును వెలుపలికి నెట్టును. చిటికెనవ్రేలంత కడ్డీ అరువది కిలోల బరువును నెట్టవలెనన్న లోపలి యొత్తిడి కారుచక్రములోని గాలికి ముప్పది రెట్లకు పైగా నుండవలెను. ఇది స్ప్రింగు అనుటకంటె, మూతవేసి సీలుచేసిన తుపాకి వంటిదనుట మేలు.

మొదట బిగించినది పట్టణమునుండి వచ్చిన యొక మేస్త్రి. “ఎంత బలమైనవి పెడితే అమ్మగారికి అంత సులువు” అని ఆయన ధోరణి. గొట్టముపై 1000 అని అచ్చువేసియున్నవి రెండు తెచ్చెను. ఈ అంకెలు న్యూటనుల లెక్క. పది న్యూటనులు ఇంచుమించు ఒక కిలో. అనగా ఒక్కొక్కటి నూఱు కిలోలు నెట్టగలది. బిగించిన సాయంకాలము వదినెగారు గడియ తీయగానే కప్పు ఎవ్వరును ముట్టకుండ తనంత తాను ఎగిరి లేచినది. ఆమె గడ్డమున కొక వ్రేలెడు దూరములో పోయినది. మూయబోగా దిగదు. చేతులు పట్టుకొని వ్రేలాడినను దిగదు. అన్నగారును, డ్రైవరును కూడి లాగి మూసిరి. మఱునాడు చూడగా కప్పులోని ప్లైవుడ్డు పలకనుండి మరలు ఊడివచ్చుచున్నవి. లేపుట కిద్దఱు మగవారు కావలసిన కప్పు ఇప్పుడు మూయుట కిద్దఱు మగవారిని కోరుచున్నది!

బలము ఎక్కువైన కొలది సుఖమనుకొనుట పొరపాటు. పొలమున ఏతము నెఱిగినవారికి ఈ రహస్యము వేఱుగా చెప్పనక్కఱలేదు. ఏతపుమాను చివర రాయి కట్టునది బాన బరువును సరితూచుటకే. రాయి మఱీ బరువైనచో నిండిన బాన తనంత తాను లేచును గాని, వట్టిబానను నీటిలో ముంచుట కష్టమగును.

కావున మేము మొదట తూచుటకు కూర్చుంటిమి. స్ప్రింగులు విప్పించి, కొబ్బరికాయల బస్తాలు తూచు కొక్కెపుకాటాను కప్పు వెనుకయంచునకు తగిలించి, అంచు కొద్దిగా లేచునంతవఱకు ఎత్తించితిమి. ఇరువదియాఱు కిలోలు చూపినది. కప్పు పొడవు ఎనిమిది అడుగులు. రెండింటిని గుణింపగా 208. ఇది కప్పు మడతబందు చుట్టును క్రిందికి త్రిప్పు శక్తి. స్ప్రింగులు పైకి త్రిప్పు శక్తి దీనితో తూగవలెను.

స్ప్రింగు వంతు లెక్కించుటకు ఒక దారపుముక్క చాలును. మడతబందునుండి స్ప్రింగు నిలిచిన గీతకు అతిదగ్గఱి దూర మెంతయో కొలువవలెను. కప్పు మూసియున్నపుడు స్ప్రింగు దాదాపు పడుకొనియుండును, కనుక ఆ దూరము తక్కువ. మాకు ఒక అడుగు వచ్చినది. తెఱచినపుడు స్ప్రింగు లేచి నిలుచును, అపుడు రెండడుగులు. అనగా కప్పు మూసియున్నప్పుడు, మనకు సాయము మిక్కిలి కావలసిన వేళ, స్ప్రింగు పట్టు చాల తక్కువ. పూర్తిగా లేచిన పిమ్మట, సాయము అక్కఱలేని వేళ, దాని పట్టు రెండింతలు! లోకములో కొందఱు బంధువులు నిట్లే యుందురు.

600 అచ్చుగల స్ప్రింగులు రెండింటితో లెక్కవేసితిమి. ఒక్కొక్కటి అరువదియొక్క కిలోలు. లోనికి నొక్కబడియున్నపుడు వాయువు ఇఱుకుపడుటచే దాని బలము నాలుగవ వంతు పెరుగుననుకొన్నచో డెబ్బదియాఱు. రెండును కలిసి, ఒక అడుగు దూరమున, 152. కావలసిన 208 లో తక్కువైనది 56. దానిని ఎనిమిది అడుగుల చివర చేయి భరించవలెను, అనగా ఏడు కిలోలు. నీళ్లబిందె నెత్తు నిల్లాలికి ఏడు కిలోలొక లెక్కగాదు. ఇక తెఱచినపుడు స్ప్రింగుల వంతు 244. కప్పు ఏటవాలుగా నిలుచుటచే దాని వంతు 180 కి తగ్గును. మిగిలిన 64 పైకి నెట్టుచు కప్పును నిలుపును. మూయునపుడు లాగవలసినది ఎనిమిది కిలోలు. లేపుట కేడు, దించుట కెనిమిది. తులాభారమువలె సరిపోయినది. ఈ లెక్క నంతయు మా వదినెగారు చాకలిపద్దు వెనుక వ్రాసికొనిరి. ఆ కాగితము నేటికిని బండిలో అంటించియే యున్నది.

బిగించుటయందు మా యూరి వెల్డింగు మేస్త్రి శ్రద్ధ మెచ్చదగినది. మేము కోరినవి కొన్ని, ఆయన చెప్పినవి కొన్ని. పలుచని పలకలోనికి మరలు దింపినచో ఊడుట తథ్యము. లోపలివైపునను వెలుపలివైపునను ఇనుపపట్టీ వేసి బోల్టులతో నొక్కి బిగించెను. కప్పు మూసియున్నపుడు కడ్డీ క్రిందుగాను, లావుపాటి గొట్టము మీదుగాను ఉండునట్లు అమర్చెను. అట్లైన లోపలి నూనె కడ్డీ నోటియొద్దకు జారి, అక్కడి రబ్బరును ఎండనీయక, వాయువు కారకుండ కాపాడును. కప్పు ఎత్తు హద్దు నాపుటకు రెండు గట్టి నాడాలు కట్టించితిమి. ఆ హద్దు భారమును స్ప్రింగులపైననే వేయరాదు. పనిసాగినంతసేపును క్రింద రెండు దూలములు ఊతగా నిలిపియే యుంచితిమి. ఆయన వెల్డింగు చేయుటకు ముందు స్ప్రింగులను తీసి దూరముగా అరుగుపై పెట్టించుట మాకు మిక్కిలి నచ్చినది. సీలుచేసిన గొట్టమునకు వేడి తగులరాదు. దిండి గాలిలో ఉప్పు కలదు. కడ్డీకి తుప్పు పట్టినచో రబ్బరును గీరి వాయువును పోగొట్టును. అందుకై తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో అద్దుట వాడుక చేసితిమి. రంగు మాత్రము వేయరాదు.

వదినెగారు ఒంటిచేతితో కప్పు లేపినపుడు చూచి మా అన్నగారు నవ్విన నవ్వు చెప్పనలవిగాదు. మేమును పని ముగిసినదే యనుకొంటిమి. కాని పుష్యమాసమున జరిగిన సంగతి మా తెలివితక్కువను వెల్లడిచేసినది.

ఆ సెలవులలో అందఱమును నర్సీపట్నము మీదుగా లంబసింగికి పోతిమి. అక్కడి చలి వినియే యుందురు. ఉష్ణమాపకము సున్న దరిదాపులకు దిగిన తెల్లవారుజాములు గలవు. బయలుదేరునపుడు కప్పు వెనుకభాగమున టార్పాలినును, మడతకుర్చీలను కట్టితిమి, పండ్రెండు కిలోలు. దిండిలో కప్పు లేపి చూచితిమి, నిలిచినది. లంబసింగిలో రాత్రియు నిలిచినది. తెల్లవారుజామున చిన్నవాడు పైమంచముమీద ప్రక్కకు దొర్లుటతో బండి కదలి, కప్పు దిగసాగినది. మొదట మెల్లగా దిగినది. తరువాత వడిగా దిగినది; ఏలయన దిగినకొలది స్ప్రింగు పడుకొని దాని పట్టు తగ్గును. వాడు “అమ్మా” యని కేకవేయునప్పటికి పలక వాని దుప్పటి నంటుచున్నది. అన్నగారు నిద్రలోనుండి లేచి రెండు చేతులతో పట్టుకొనిరి. పిల్లవానికి దెబ్బ తగులలేదు. వదినెగారు మాత్రము ఆ దినమంతయు వానిని చంకదింపలేదు. వాడు తొమ్మిదేండ్లవాడు.

తప్పెక్కడనో మఱల లెక్కవేసి చూచితిమి. వెనుకగా కట్టిన పండ్రెండు కిలోలు మడతబందునకు ఆఱడుగుల దూరమున నున్నవి, అనగా 72. దానితో కప్పు వంతు 280, తెఱచినపుడు 243. దిండిలో ఇరువదితొమ్మిది డిగ్రీల వేడిలో స్ప్రింగుల వంతు 251 దాపున నుండెను గనుక నిలిచినది. కాని వాయువు చలికి ముడుచుకొనును. మూడు డిగ్రీలు తగ్గినచో దాని బలము ఇంచుమించు నూటి కొకవంతు తగ్గును. ఆ తెల్లవారుజామున అయిదు డిగ్రీలు. నూటికి ఎనిమిదివంతులు పోయినవి. 231 మిగిలినది, 243 ను మోయవలసియుండెను. ఇక చిన్న కదలికకే కప్పు లొంగిపోయినది. స్ప్రింగులపై అచ్చువేయు బలము ఇరువది డిగ్రీల లెక్కయని మాకు ముందే తెలిసియుండియు, మేము ఆషాఢపుటెండలో లెక్కవేసి ఆ మాటను మఱచితిమి. ఈ తప్పు మాదే, మేస్త్రిది కాదు.

“అయితే ఇంకా బలమైనవి వేయిద్దాం” అనిరి అన్నగారు. వలదంటిమి. అట్లు చేసినచో మే మాసమున దిండిలో ఆ కప్పు మఱల వదినెగారి గడ్డమునకు గుఱిపెట్టును. స్ప్రింగు లేపుటకు తోడు. నిలిపియుంచుటకు పూచీ కాదు. తిరిగివచ్చిన వెంటనే సరుగుడుకఱ్ఱలు రెండు కోయించి, కొనలకు రబ్బరు తొడిగించి, కప్పునందును క్రింది గోడయందును వానికి గుంటలు చేయించితిమి. కప్పు లేచిన పిమ్మట ఆ యూతకఱ్ఱలు పెట్టినగాని పిల్లలు పైమంచ మెక్కరాదని కట్టడి. కడ్డీపై తొడుగు ఇనుపగొట్టపు ముక్కలును దొరకును; అవి కడ్డీని లోనికి పోనీయవు. ఏదైనను సరియే. కప్పుమీద సామాను కట్టుటయు మానివేసిరి.

వ్యాను లేని సోదరీమణులు ఇది తమకేల యనుకొనవచ్చును. మీలో ఎందఱి యిండ్లలోనో పెట్టెమంచము లున్నవి గదా! దాని పలకయు ఈ కప్పువంటిదే, దాని స్ప్రింగులును ఈ స్ప్రింగులవంటివే. మంచము అమ్మిన నాటి పరుపు బరువునకు సరిపోవునట్లు వానిని అమర్చియుందురు. ఆ స్పాంజి పరుపు తీసి, కోనసీమ కొబ్బరిపీచు పరుపునో, పుట్టింటివారిచ్చిన దూదిపరుపునో వేసినచో బరువు పెరిగి, లేపిన పలక నిలువక మీ తలపై దిగవచ్చును. అట్లుగాక, సంక్రాంతి దులుపుళ్లకు పరుపంతయు తీసి ఎండవేసి వట్టిపలకను తెఱచినచో అది విసురుగా లేచి మొగమునకు తగులును. బొంతలు తీయుటకు తలదూర్చునది సాధారణముగ ఇల్లాలే. ఆమె కొంగు పట్టుకొని వెనుకనే వచ్చి, బందుల సందున వ్రేళ్లు పెట్టునది పసిబిడ్డ. కావున పలక లేపిన వెంటనే ఒక ఊతకఱ్ఱ పెట్టుడు. రోకలియైనను చాలును.

స్ప్రింగు ముసలిదైన గుర్తులు తెలియుట కష్టముగాదు. లేపిన పలక సగములో ఆగును, చల్లని ఉదయముల జారును, కడ్డీచుట్టు నూనెతడి కనబడును. రెండింటిలో ఒకటి పోయినను రెండింటిని మార్పవలెను. లేనిచో ఒకవైపు ఎక్కువ నెట్టి పలక మెలిపడును. మార్చునపుడు పాతదానిపై అచ్చువేసిన అంకెను, మూసినప్పటి పొడవును, సాచినప్పటి పొడవును వ్రాసికొని అంగడికి పంపుడు. ‘మంచముది ఇమ్మను’ అని కుఱ్ఱవానిని పంపినచో వాడు తన చేతికి దొరికినది తెచ్చును.

పాతవానిని పాతయినుము కొనువాని గంపలో ఊరక పడవేయరాదు. బలము తగ్గినదైనను లోపల ఒత్తిడి మిగిలియే యుండును. కోసినను, దంచినను, పొయ్యిలో పడినను ప్రేలి కడ్డీ బాణమువలె దూసికొనివచ్చును. వీనిని కోయరాదని ఆ మనిషితో స్పష్టముగా చెప్పి, వేఱుగా చేతికీయుడు. పిల్లలకు ఆటవస్తువుగా అసలే ఈయరాదు.

మొన్న వదినెగారు వ్రాసిన ఉత్తరములో, ఊతకఱ్ఱలకు పాత పట్టుచీర అంచును ఎఱ్ఱగా కట్టితిననియు, కప్పు లేచియుండి ఆ ఎఱుపు కంటికి కనబడనిచో చిన్నవాడే కేకలు వేయుచున్నాడనియు నున్నది. వచ్చు వేసవిలో ఆమెయు, ఆమె చెల్లెలును, పిల్లలును మగవారు లేకుండ ఆ బండిలో యానామువఱకు పోయివత్తురట. డ్రైవింగు లైసెన్సు చెల్లెలికి కలదు.